గోదావరి పాయల్లో పెద్ద యుద్ధనౌక ఎందుకు పుట్టలేదు?

నరసాపురంలో ఓడలు కట్టేవారు, కోరంగిలో కట్టేవారు. తాళ్ళరేవు వైపు చెక్కపడవల పని ఇంకా సాగుతూనే ఉంది. 17వ శతాబ్దంలో, గోల్కొండ సుల్తానుల కాలానికే, నరసాపురమూ దాని పక్కనున్న మాధవాయపాలెమూ ఓడల పనికి పేరుపడ్డాయి. డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ తమ ఓడల్ని బాగుచేయించుకోడానికి ఇక్కడికే తెచ్చేవారు. కలకత్తాకీ ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడని ఆరబెట్టి అడుగు చూసుకోగలిగిన చోటు కోరంగి ఒక్కటేనని పాత గెజిటీర్లు రాశాయి.

మరి 74 ఫిరంగుల యుద్ధనౌక ఒక్కటైనా గోదావరిలో ఎందుకు దిగలేదు? 19వ శతాబ్దం మొదట్లో బొంబాయిలో వాడియా కుటుంబం మేస్త్రీలు బ్రిటిష్ నౌకాదళానికి 1810లో మిండెన్, 1813లో కార్న్‌వాలిస్, 1815లో వెల్లెస్లీ అనే 74 ఫిరంగుల ఓడల్ని వరసగా కట్టి దింపారు. అక్కడ అయినది ఇక్కడ ఎందుకు కాలేదు?

సాధారణంగా వినిపించే జవాబులు మూడు. కలప లేదని, పనివాళ్ళు లేరని, దొరలు కావాలనే ఇటువైపు చూడలేదని. కలప ఉంది. పాపికొండల పైనుంచి, భద్రాచలం అడవుల నుంచి టేకు దుంగలు గోదారి మీదుగానే కిందికి వచ్చేవి. పనివాళ్ళు ఉన్నారు, లేకపోతే అన్ని వ్యాపారపు ఓడలు ఎవరు కట్టినట్టు? మూడోదానికి కొంత బలం ఉన్నా, అది అసలు కారణం కాదు. అసలు కారణం తెలియాలంటే యుద్ధనౌక అనే వస్తువు ఎలా పనిచేస్తుందో చూడాలి. ఆ తర్వాత మన మొగల దగ్గర, అంటే నది సముద్రంలో కలిసేచోట, నీటి లోతు, మన తీరంలో పోటు ఎత్తు చూస్తే సరిపోతుంది.

ఫిరంగి బరువు కాదు, దాన్ని మోసే ఒళ్ళు బరువు

1800 ప్రాంతంలో బ్రిటిష్ 74కి మామూలు అమరిక ఇలా ఉండేది. కింది అంతస్తులో 32 పౌన్ల గుండు వేసే ఫిరంగులు 28, పై అంతస్తులో 18 పౌన్లవి 28, ఆ పైన ముందూ వెనకా కలిపి 9 పౌన్లవి 18. 32 పౌన్ల ఫిరంగి గొట్టం ఒక్కటే సుమారు 2.8 టన్నులు. 18 పౌన్లది 2.1 టన్నులు, 9 పౌన్లది 1.3 టన్నులకి కాస్త అటూ ఇటూ. కూడితే గొట్టాల బరువే 160 టన్నుల దాకా వస్తుంది. చెక్కబళ్ళు, గుండ్లు, మందు దీనికి అదనం.

ఈ బరువు వల్లే ఓడ లోతుగా దిగుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే అలా తేలదు. ఓడ పొడవు 170 అడుగులు, వెడల్పు 47 అడుగులు. నీటిమట్టం దగ్గర అడ్డంగా కోస్తే వచ్చే వైశాల్యం, చివరలు సన్నబడతాయి కాబట్టి, దీర్ఘచతురస్రంలో 85 శాతం అనుకుందాం. అంటే 6,800 చదరపు అడుగులు. ఘనపుటడుగు సముద్రపు నీరు 64 పౌన్లు, అంటే 29 కిలోలు. ఓడ ఒక్క అడుగు పైకి లేవాలంటే 197 టన్నులు దించాలన్నమాట. ఫిరంగులన్నీ ఒడ్డున పెట్టేసినా ఆ ఓడ పది అంగుళాలే లేస్తుంది! సరంజామా అంతా ఉన్నప్పుడు అది 21, 22 అడుగుల నీళ్ళలో తేలుతుంది. ఫిరంగులు తీశాక 20 పైచిలుకు. మొగ దగ్గర ఇసుక మేటకి ఆ తేడా తేడాయే కాదు.

మిగతా బరువంతా ఎక్కడుంది? తాగునీళ్ళు, తిండి, అడుగున వేసే ఇనుప దిమ్మెలు, లంగర్లు, తెరచాప కొయ్యలు, ఆరువందల మంది మనుషులు. అయితే మొత్తం మూడు వేల టన్నుల్లో దాదాపు సగం ఉత్త చెక్కే. ఓడ ఒంటిదే. వ్యాపారపు ఓడకి పక్కటెముకల్లాంటి ఒంపుకర్రల మధ్య జానెడు, మూరెడు ఖాళీ వదులుతారు. యుద్ధనౌకలో అవి దాదాపు ఒకదానికొకటి తగులుతూ నిలబడతాయి. వాటికి బయట మందపాటి పలకలు, లోపల ఇంకో వరస పలకలు. ఫిరంగుల వరస దగ్గర గోడ మందం రెండడుగులకి చేరుతుంది.

అంత మందం శత్రువు గుండు ఆపడానికే అనుకుంటే సగమే నిజం. మిగతా సగం కారణం ఓడ నడుములో ఉంది. చెక్క ఓడకి మధ్యభాగం లావు, రెండు కొసలూ సన్నం. నీరు మధ్యభాగాన్ని బాగా పైకి తోస్తుంది, కొసల్ని అంతగా మోయదు. వ్యాపారపు ఓడలో సరుకు మధ్యలో పేరుస్తారు కాబట్టి గొడవ లేదు. యుద్ధనౌకలో ఫిరంగులు ఈ కొస నుంచి ఆ కొసదాకా ఉండాల్సిందే. దాంతో రెండు చివరలా బరువు వేలాడే కావడిబద్దలా ఓడ మధ్యలో పైకి లేచి, చివరలు కిందికి వంగుతాయి. వంగిన ఓడకి పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి, కూరిన నార ఊడిపోతుంది, రోజంతా పంపులు కొడుతూనే ఉండాలి. పాతబడిన ఓడల్లో వెన్నుదూలం అడుగుకి పైగా వంగిపోవడం అరుదేం కాదు. దీనికి సరైన మందు 1810 తర్వాతగానీ దొరకలేదు. బ్రిటిష్ నౌకా నిర్మాత రాబర్ట్ సెపింగ్స్ ఓడ లోపల దూలాల్ని నిలువూ అడ్డంగా కాకుండా ఏటవాలుగా బిగించే పద్ధతి తెచ్చాడు. అంతకుముందు అందరికీ తెలిసిన ఉపాయం ఒక్కటే, ఇంకా లావు కర్ర వాడటం. కర్ర లావైతే ఓడ బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే లోతు పెరుగుతుంది.

ఇది చెక్క ఓడల తంటానే తప్ప యుద్ధనౌకలన్నిటి తంటా కాదని చెప్పడానికి మన నది పేరే పెట్టుకున్న ఓడ చాలు. 1983లో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ గోదావరి బరువు 3,600 టన్నులు, అంటే పాత 74 కన్నా ఎక్కువే. అయినా దానికి 4.5 మీటర్ల లోతు, అంటే 15 అడుగుల నీళ్ళు సరిపోయేవి. ఉక్కు రేకు పల్చన, ఓడ పొడవు 126 మీటర్లు. అదే బరువు ఎక్కువ పొడవు మీద పరుచుకుంది. చెక్కతో అంత పొడవు కడితే అలల మీద నడుము విరుగుతుంది. అన్నట్టు ఈ గోదావరి కూడా పుట్టింది బొంబాయిలోనే, మజగావ్ డాక్‌లో.

ఒక్క గుండు వేయడానికి

ఒళ్ళు అంత బలంగా ఎందుకుండాలో ఒక్క ఫిరంగి పనితీరు చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 32 పౌన్ల ఫిరంగికి పూర్తి జట్టు పన్నెండు నుంచి పద్నాలుగు మంది, పైగా మందు సంచులు మోసుకొచ్చే కుర్రాడు.

ముందుసారి పేలాక గొట్టం లోపల నిప్పురవ్వలు, కాలిన గుడ్డపేలికలు మిగులుతాయి. మెలికల ఇనుప కొక్కెంతో పేలికలు లాగేస్తారు. తడిపిన గొర్రెతోలు చుట్టిన కర్రతో లోపల తుడుస్తారు. ఈ తుడుపు సరిగ్గా పడకపోతే తర్వాతి మందు సంచీ దట్టిస్తుండగానే అంటుకుంటుంది. అప్పుడు మొదట పోయేది దట్టించేవాడి చేతులు. తర్వాత మందు సంచీ. గుండు బరువులో మూడో వంతు మందు, అంటే 32 పౌన్ల గుండుకి దాదాపు 4.8 కిలోలు. తర్వాత గుండు, ఓడ ఊగితే గుండు జారిపోకుండా పైన తాడుపీచు ఉండ. మూడూ కర్రతో బిగించి దట్టిస్తారు. ఇక జట్టంతా కప్పీతాళ్ళు పట్టుకుని మూడు టన్నుల దిమ్మని కిటికీలోంచి బయటికి లాగుతుంది. వెనక రంధ్రంలోంచి సూదితో సంచీ పొడిచి, సన్నమందు పోసి, గురిచూసి, ఓడ ఊగుడుకి తగ్గట్టు కనిపెట్టి పేలుస్తారు.

పేలగానే ఫిరంగి బండితో సహా వెనక్కి దూకుతుంది. మణికట్టంత లావు మోకు దాన్ని ఆపుతుంది. ఆ మోకు రెండు కొసలూ ఓడ గోడలోని ఇనుప కడియాలకి కట్టి ఉంటాయి. ఆ కుదుపు ప్రతిసారీ గోడలోకే పోతుంది. ఒకవైపు ముప్పైకి పైగా ఫిరంగులు, బాగా తర్ఫీదైన జట్టైతే ఒక్కోటీ ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలకోసారి. గోడ పల్చనైతే కడియాలు ఊడి, ఫిరంగి మనుషుల మీదికి దొర్లుతుంది. వ్యాపారపు ఓడలకి కిటికీలు కొట్టి ఫిరంగులు పెట్టినా అవి పెద్దవాటితో తలపడలేకపోవడానికి ఇదో కారణం.

1779 నుంచి వచ్చిన కారొనేడ్ అనే పొట్టి ఫిరంగి దీనికి కొంత విరుగుడు. అదే 32 పౌన్ల గుండు వేస్తుంది, గొట్టం బరువు మాత్రం 860 కిలోలు. మందు తక్కువ, జట్టు తక్కువ, ఓడ మీద వత్తిడీ తక్కువ. కానీ గుండు దూరం పోదు. కారొనేడ్లే నమ్ముకున్న ఓడని, దూరంగా నిలబడి పొడుగు ఫిరంగులతో కొట్టేవాడు సులువుగా ఏడిపిస్తాడు.

గుండు తగిలినప్పుడు మనుషుల్ని ఎక్కువగా చంపేది గుండు కాదు. గోడ లోపలివైపు నుంచి ఈటెల్లా లేచే చెక్కపేళ్ళు.

ఎత్తులో బరువు, అడుగున నీరు

బరువైన ఫిరంగులు వీలైనంత కింద పెడితే ఓడ నిలకడగా ఉంటుంది. కానీ మరీ కింద పెడితే కిటికీల్లోంచి నీళ్ళొస్తాయి. కింది కిటికీ గుమ్మం నీటిమట్టానికి కనీసం ఐదారడుగులు పైన ఉండాలని నిర్మాతలు తాపత్రయపడేవారు. ఫ్రెంచివాళ్ళు దీని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టారు. ఇంగ్లీషు ఓడలు చాలాసార్లు తక్కువ ఎత్తుతోనే నెట్టుకొచ్చాయి.

ఈ తూకం తప్పితే ఏమవుతుందో చెప్పడానికి స్వీడన్ ఓడ వాసాని మించిన ఉదాహరణ లేదు. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోం రేవులోంచి బయల్దేరింది. 64 ఫిరంగులు, వాటిలో 48 ఒకే రకం 24 పౌన్లవి. రెండు అంతస్తుల్లోనూ దాదాపు సమాన బరువు, అంటే పై అంతస్తులో మోయకూడనంత బరువు. 1,300 మీటర్లు పోయేసరికి ఓ మోస్తరు గాలికే ఒరిగింది, తెరిచి ఉంచిన కింది కిటికీల్లోంచి నీళ్ళు దూరి మునిగింది. సుమారు ముప్పైమంది చనిపోయారు. అంతకుముందే రేవులో ముప్పైమందిని ఈ పక్క నుంచి ఆ పక్కకి పరుగెత్తించి పరీక్ష చేశారు. మూడు పరుగులకే ఓడ ఒరిగిపోయేలా ఊగడంతో పరీక్ష ఆపేశారు. ఓడని మాత్రం ఆపలేదు, రాజు తొందరపెడుతున్నాడు.

అడుగున ఇంకా రాళ్ళు వేస్తే సరిపోయేది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. వాసాలో అప్పటికే 120 టన్నుల రాళ్ళున్నాయి. ఇంకా వేస్తే ఓడ దిగి, కింది కిటికీలు నీటికి మరీ దగ్గరవుతాయి. గట్టిగా నిలబడాలంటే అడుగు వెడల్పుగా, లోతుగా ఉండాలి. ఆ సంగతి ఓడ కట్టడం మొదలుపెట్టినప్పుడే తేలాలి, కట్టాక సరిచేయలేం. నిలకడని కాగితం మీద లెక్కగట్టే పద్ధతిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బూగే 1746లో ప్రచురించాడు. అప్పటిదాకా మేస్త్రీల కంటిచూపూ పాత ఓడల కొలతలే ఆధారం.

లోతు తక్కువ నీళ్ళకి తగ్గట్టు యుద్ధనౌకలు కట్టినవాళ్ళు లేకపోలేదు. డచ్చివాళ్ళు అదే చేశారు. ఆమ్‌స్టర్‌డాం ముందు పాంపుస్ అనే మేట ఉండేది. అందుకని వాళ్ళ ఓడలు చదును అడుగుతో, తక్కువ లోతుతో ఉండేవి. దానికి వాళ్ళు చెల్లించిన మూల్యం రెండు రకాలు. అడుగు చదునైన ఓడ గాలికి ఎదురుగా ఏటవాలుగా పోబోతే పక్కకి జారిపోతుంది. మూడు అంతస్తుల బరువు ఫిరంగులు మోయలేదు. 1690ల్లో వాళ్ళే ఇంకో తెలివి చేశారు. ఓడకి రెండు పక్కలా నీళ్ళు నింపిన పెద్ద పెట్టెలు కట్టి, వాటిలోని నీళ్ళు తోడేస్తే పెట్టెలు తేలి ఓడని మేట మీదుగా ఎత్తి దాటిస్తాయి.

నరసాపురంలో, పాలకొల్లులో ఉన్నదీ ఆ డచ్చివాళ్ళే. అయినా ఆ పెట్టెలు వాసిష్ఠ మొగలో పనిచేయవు. పాంపుస్ దగ్గరున్నది లోపలి సముద్రం, అల చిన్నది. అంతర్వేది దగ్గరా, గౌతమి మొగ దగ్గరా బంగాళాఖాతపు అల నేరుగా వచ్చి మేట మీద విరుగుతుంది. పెట్టెలతో ఎత్తిన ఓడ అలకి ఆరడుగులు లేచి పడితే పెట్టెల తాళ్ళు తెగుతాయి, వెన్నుదూలం ఇసుకకి కొట్టుకుంటుంది. పైగా మేట ఒకచోట ఉండదు. ప్రతి వరద తర్వాతా దారి మారుతుంది. కాకినాడ ముందు ఇసుక పేరుకుని హోప్ ఐలండ్ పెరిగింది, కోరంగి రేవు పూడుకుపోయింది. కాకినాడ యాంకరేజి రేవులో పెద్ద ఓడలు దూరంగా లంగరేసి ఉంటే బియ్యం బస్తాలు బార్జీల మీద వెళ్ళేది కూడా ఈ లోతు గొడవ వల్లనే.

మట్టి గొయ్యి, రాతి డాకు

చిన్న ఓడని ఆరబెట్టడానికి డెల్టా మట్టి చాలా అనువు. ఏటిగట్టులో ఓడకి సరిపడా గొయ్యి తవ్వుతారు. అమావాస్యకో పౌర్ణమికో పెద్ద పోటు మీద ఓడని లోపలికి తెస్తారు. పాటులో నీరు తగ్గగానే గొయ్యి ముఖం బంకమట్టి కట్టతో మూసేస్తారు. మిగిలిన నీళ్ళు తోడేసి, వెన్నుదూలం కింద దిమ్మెలు పెట్టి, పక్కల ఆనుకర్రలు బిగిస్తారు. పాత నార లాగేసి కొత్తది కూరి, గుగ్గిలం పోసి, పాడైన పలకలు మారుస్తారు. పని అయ్యాక ఇంకో పెద్ద పోటు రోజున కట్ట తెగ్గొడితే ఓడ తేలి బయటికొస్తుంది. రాయి లేదు, తలుపుల్లేవు, ఖర్చు తక్కువ.

ఇదే పద్ధతి 74కి ఎందుకు నడవదంటే, పోటు చాలదు. కాకినాడ తీరంలో పెద్ద పోటుకీ పెద్ద పాటుకీ తేడా ఒకటిన్నర మీటరు అటూ ఇటూ. బొంబాయిలో నాలుగు మీటర్లకి పైనే. అక్కడ పోటు మీద డాకులోకి, అంటే తలుపులున్న రాతి గొయ్యిలోకి, ఓడని తెచ్చి, పాటు సమయంలో తూము తెరిస్తే చాలావరకు నీరు దానంతటదే పోతుంది. మిగిలింది తోడాలి. మన దగ్గర, బయట అన్నీ దించి ఒట్టి ఒళ్ళు మిగిల్చినా 14, 15 అడుగుల నీళ్ళు కావలసిన ఓడకి, పాటు మట్టం కన్నా పదడుగుల కిందికి గొయ్యి తవ్వాలి. డెల్టాలో రెండడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. పదడుగుల కింద పక్కల నుంచీ అడుగు నుంచీ ఊరే నీటిని మనుషులు తోడి నిలపలేరు. తోడినా, పదిహేను వందల టన్నుల ఒళ్ళు సన్నని వెన్నుదూలం మీద ఆ మెత్తటి ఒండ్రులో నిలబడాలి. ఒకచోట దిమ్మె ఎక్కువ దిగితే చాలు, నడుము వంగినట్టే.

కోరంగి వాళ్ళ పని ఇక్కడ ఆగింది. రెండు మూడు వందల టన్నుల ఓడల దాకా వాళ్ళ మట్టికి, వాళ్ళ పోటుకి తిరుగులేదు. పైగా 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపాను ఉప్పెనలు ఆ ఊరి నడ్డి విరిచాయి. అలాంటి తీరంలో ఏళ్ళ తరబడి నిలబడే పెద్ద డాకు మీద డబ్బు ఎవరు పెడతారు?

టేకు, తుమ్మ, రాగి

కలప విషయంలో మాత్రం ఇంగ్లండుకన్నా మనదే పైచేయి. అక్కడ ఓడలకి వాడే ఓక్ చెక్కలోని చేదు ఆమ్లం ఇనుప బోల్టుల్ని తినేస్తుంది. టేకులోని నూనె వాటిని కాపాడుతుంది. 1817లో బొంబాయిలో కట్టిన ట్రింకోమలీ అనే ఓడ ఇప్పటికీ ఇంగ్లండులోని హార్ట్‌ల్‌పూల్‌లో నీటి మీదే ఉంది. టేకుకి ఒక్క లోపం, నిటారుగా పెరుగుతుంది. దూలానికీ గోడకీ మూలన బిగించే మోకాలి కర్రలకి సహజంగా వంగిన చెక్క కావాలి. ఓక్ కొమ్మల్లో అది దొరుకుతుంది. టేకులో దొరకదు, కోసి వంపు తీస్తే పీచు తెగి బలం పోతుంది. మన పడవల వడ్రంగులు ఒంపుకర్రలకి నల్లతుమ్మ వాడేది అందుకే. చిన్న ఓడకి తుమ్మ సరిపోతుంది, 47 అడుగుల వెడల్పు ఓడకి సరిపడేంత తుమ్మ చెట్టు ఎక్కడా లేదు.

చెక్కని తొలిచే ఓడపురుగు ఉప్పునీటి జీవి. మంచినీళ్ళలో ఎక్కువ రోజులుంటే చస్తుంది. వరద నెలల్లో గౌతమి ఎర్రనీళ్ళలో లంగరేసిన ఓడకి ఖర్చులేని వైద్యం అది. నౌకాదళాలు మాత్రం రాగిరేకుల దారి పట్టాయి. 1761లో అలార్మ్ అనే ఓడకి మొదట వేసి చూశారు. పురుగు ఆగింది, నాచు తగ్గింది, ఓడ వేగం పెరిగింది. కానీ రాగి తగిలినచోట ఇనుప బోల్టులు సముద్రపు నీటిలో గుల్లబారాయి. రెండు లోహాలు ఉప్పునీటిలో కలిస్తే ఇనుము కరిగిపోతుంది. అయినా 1779 తర్వాత యుద్ధం తరుముతుంటే మొత్తం నౌకాదళానికి రాగి తొడిగారు. రేకు కింద బోల్టులు ఎలా ఉన్నాయో పైకి కనపడదు, తుపానులో పలకలు విడిపోయినప్పుడే తెలుస్తుంది. 1783 ప్రాంతం నుంచి రాగి మిశ్రమపు బోల్టులు వచ్చాక గానీ ఆ భయం తీరలేదు.

పోరులో గాలి, ఒడ్డు, అక్టోబరు

తెరచాపల యుద్ధంలో ఎగువగాలి వైపు ఉన్నవాడిదే పైచేయి అంటారు. ఎప్పుడు తలపడాలో అతనే తేల్చుకుంటాడు, నిజమే. అయితే గాలికి ఓడ ఒరిగేది దిగువ వైపుకి. ఎగువన ఉన్నవాడు శత్రువు వైపే ఒరుగుతాడు. గాలి జోరైతే అతని కింది కిటికీలు, అంటే అతి బరువైన ఫిరంగులున్నవే, నీటికి ఆనతాయి, మూసుకోవాలి. దిగువనున్నవాడికి శత్రువు వైపు గోడ పైకి లేస్తుంది, కిటికీలన్నీ తెరుచుకుంటాయి. దెబ్బతిన్న ఓడ గాలివాలున తప్పుకుపోనూ గలదు. ఫ్రెంచివాళ్ళు చాలాసార్లు దిగువనే కోరుకుని, తెరచాప కొయ్యల మీదికి గురిపెట్టింది ఇందుకే.

మన తీరానికి దగ్గర్లో జరిగిన విశాఖపట్నం పోరు చూడండి. 1804 సెప్టెంబరు 15న రేవులో 50 ఫిరంగుల బ్రిటిష్ ఓడ సెంచూరియన్, రెండు వ్యాపారపు ఓడలు లంగరేసి ఉన్నాయి. ఫ్రెంచి అడ్మిరల్ లినోవా 74 ఫిరంగుల మరెంగో, దానికి తోడు ఫ్రిగేట్లు అనే చిన్న యుద్ధనౌకలు రెండింటితో వచ్చాడు. కాగితం మీద చూస్తే గంటలో తేలిపోవాలి. కానీ సెంచూరియన్ ఒడ్డుకి దగ్గరగా ఉంది. లోతు తెలియని ఆ నీళ్ళలోకి మరెంగోని తేవడానికి లినోవా జంకాడు. ఇసుకెక్కితే బయటపడేసే రేవు దగ్గర్లో లేదు, తన స్థావరం హిందూ మహాసముద్రానికి ఆవల మారిషస్‌లో ఉంది. కొయ్య విరిగినా అక్కడికే పోవాలి. దూరం నుంచే కొట్టి, ఒక వ్యాపారపు ఓడని పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంకొకటి ఒడ్డుకి కొట్టుకుపోయి పగిలింది. సెంచూరియన్ బాగా దెబ్బతిన్నా నిలబడింది, పోయింది ఒక్కరే. ఆ రోజు బ్రిటిష్ ఓడని కాపాడింది ఫిరంగులకన్నా ఒడ్డు దగ్గరి తక్కువ లోతే.

మరమ్మతు రేవు లేకపోవడం అంతకుముందు 1782లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఏడాది ఫ్రెంచి సేనాని సఫ్రెన్, బ్రిటిష్ అడ్మిరల్ హ్యూస్ ఈ తీరానికీ శ్రీలంకకీ మధ్య ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా నాలుగుసార్లు తలపడ్డారు. ఎవరూ ఎవర్నీ ముంచలేదు. ఓడలు పోయింది పోరులో కాదు. సెప్టెంబరు 3 పోరు తర్వాత ట్రింకోమలీలోకి వస్తూ సఫ్రెన్ దళంలోని ఒరియాన్ అనే ఓడ రాళ్ళకి కొట్టుకుంది, అక్టోబరులో కడలూరు దగ్గర బిజార్ ఒడ్డెక్కింది. ఈశాన్య రుతుపవనం దగ్గర పడగానే హ్యూస్ మొత్తం దళాన్ని తీసుకుని బొంబాయి డాకులకి వెళ్ళిపోయాడు, మళ్ళీ మద్రాసు చేరింది 1783 ఏప్రిల్లో. కోరమాండల్ తీరంలో 74 లోతుకి సరిపడే ఒక్క డాకు ఉండి ఉంటే ఆ ఆరు నెలలూ ఈ తీరం ఖాళీగా ఉండేది కాదు.

కాకినాడ మీదికొచ్చిన ఓడ

1942 నాటికి ఒడ్డు దగ్గరి తక్కువ లోతు ఎవర్నీ కాపాడే పరిస్థితి లేదు. ఏప్రిల్ 6న కాకినాడ మీద, విశాఖ మీద బాంబులు వేసిన విమానాలు ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి ఎగిరినవి. ఓడ మేటల దరిదాపుల్లోకి రానక్కర్లేదు, తీరానికి కనపడనక్కర్లేదు.

కానీ ర్యూజో కథ వినదగ్గది. దేశాల యుద్ధనౌకలకి హద్దులు పెట్టిన 1922 వాషింగ్టన్ ఒప్పందం పది వేల టన్నుల లోపు విమానవాహక నౌకల్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ సందు చూసి జపాన్ 8,000 టన్నుల ఓడని ఒకే అంతస్తు విమానశాలతో గీయించింది. 1930 లండన్ ఒప్పందం ఆ సందు మూసేసింది. చిన్న ఓడ వల్ల లాభం లేకుండా పోయేసరికి, ఉన్న ఒంటి మీదే రెండో విమానశాల ఎక్కించి 48 విమానాలకి చోటు చేశారు. 1933లో పూర్తయ్యేసరికి అది పైబరువు ఓడ. మరుసటి ఏడాది మార్చిలో తొమొజురు అనే చిన్న టార్పెడో పడవ తుపానులో తిరగబడటంతో జపాన్ నౌకాదళం ఉలిక్కిపడి ఓడలన్నీ పరీక్షించింది. ర్యూజోకి పక్కల ఉబ్బులు కట్టారు, అడుగున బరువు వేశారు, 12 ఫిరంగుల్లో నాలుగు పీకేశారు. నిలకడ కుదిరింది గానీ ఓడ బరువు పదివేల టన్నులు దాటి, నీళ్ళలోకి దిగింది. దిగితే ముక్కు అలకి అందుతుంది. 1935 సెప్టెంబరు తుపానులో అలలు ముందుభాగం మీదుగా విరుచుకుపడి ఓడని దెబ్బతీశాయి. మళ్ళీ డాకులో పెట్టి ముక్కుని ఒక అంతస్తు ఎత్తు పెంచారు. వాసాలో ఇంకా రాళ్ళు వేయలేకపోయిన కారణమే ఇక్కడా పనిచేసింది. తేడా ఏమిటంటే, జపాన్ వాళ్ళకి డాకు ఉంది, రెండుసార్లు దిద్దుకునే వ్యవధి ఉంది. అలా దిద్దిన ఓడే బంగాళాఖాతంలోకి వచ్చింది. 1942 ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర అమెరికా విమానాల దాడిలో మునిగింది.